గంట మోగేదాకా

ఎర్జురుమ్‌లో జనవరి అంటే
ఆస్పత్రి కిటికీకి లోపలి వైపు కూడా మంచు పేరుకుంటుంది.
ఐబుకె డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పకుండానే అడిగింది:
"నెజిహే అక్కా, పదిహేనేళ్ళ కిందటి నెత్తుటి లెక్కలు దొరుకుతాయా?
లింఫోమా వాళ్ళవి. మొదటి రోజువి మాత్రమే."

మొదటి రోజువి.
అంటే మందు ఎక్కకముందు, జుట్టు రాలకముందు,
ఇంట్లోవాళ్ళకి ఇంకా చెప్పకముందు
ఊదారంగు మూత గొట్టంలోకి తీసిన
అరచెంచాడు నెత్తురు.

ఖరీదైన పరీక్షలేవీ వద్దట.
జలుబుతో వచ్చినవాడికీ, పురిటికొచ్చినామెకీ
మేం రోజూ చేసేదే చాలట.
న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్లతో భాగించడం,
లింఫోసైట్లని మోనోసైట్లతో భాగించడం,
పక్కన హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు.
ఎవరు నిలిచారో ఎవరు రాలారో
ఆ భాగఫలంలో ముందే ఉందేమో చూద్దామంది.
మూడో తరగతి భాగహారం!
చక్కెర బిళ్ళ బుగ్గన పెట్టుకుని
టీ తాగుతున్నదాన్ని, పొలమారింది.

ఇరవై ఆరేళ్ళుగా లెక్కపెడుతున్నాను.
మిషన్ తికమకపడ్డ గాజుపలకలన్నీ నా దగ్గరికే.
వేళ్ళకింద మీటలు, కంటికింద ఊదా చుక్కలు:
తమ్మెలు తమ్మెలుగా చీలినవి, గుండ్రటివి,
చిక్కుడు గింజలా వంగినవి.
నూరు కాగానే గంట మోగుతుంది.
ఆ మనిషి అయిపోయినట్టే, తర్వాతి పలక.
ఒక్కనాడూ తట్టలేదు
నా చేతికింద నొసటిరాత నడుస్తోందని.

"ఒక్కరి సంగతి చెప్పదక్కా ఇది,
మూడు వందల మంది గుంపు సంగతి చెబుతుంది" అంది ఐబుకె.
గుంపు ఎప్పుడూ
చొక్కా చెయ్యి మడిచి నా ముందు కూర్చోలేదు.

ఫెహ్మీ ఉస్తా కూర్చున్నాడు.
ఓల్తు నల్లరాయి సానబట్టి జపమాలలు చేసేవాడు.
మెడపక్కన కోడిగుడ్డంత గడ్డ,
గోళ్ళ సందుల్లో పొడి.
స్పిరిట్ దూదితో తుడిస్తే దూది నల్లబడింది.
"ఎన్ని లెక్కపెడతావమ్మా?"
"నూరు."
"మావి తొంభై తొమ్మిదే. నూరోది మన లెక్కలోకి రాదు" అని
చొక్కా చెయ్యి దించుకున్నాడు.

పట్టికలో అతని వరుస బోసిగా ఉంది.
ఆ రోజు మిషన్ చెడింది, మోనోసైట్ల గడిలో అడ్డగీత.
"విలువ లేనివాళ్ళని తీసేస్తున్నా" అంది ఐబుకె.
నా ముఖం చూసి
"అంటే, అంకె లేనివాళ్ళని" అని దిద్దుకుంది.

రాత్రి కొయ్యపెట్టెలు దించాను.
దొరికింది. అంచున నా చేతిరాత, రంగు కాస్త వెలిసింది.
నూనె చుక్క వేసి మళ్ళీ మొదలుపెట్టాను.
చీలినవి డెబ్బై ఎనిమిది. గుండ్రటివి పదకొండు.
వంగినవి తొమ్మిది. ఎర్ర రవ్వలవి రెండు.
గంట మోగింది.
భాగించాను, ఒకసారి కాదు, మూడుసార్లు.
ఎన్నిసార్లయినా ఐబుకె గీసిన గీతకి
వద్దనుకున్న వైపే పడ్డాడు.

ఆఖరి గడిలో ఒకటో సున్నానో రాయాలి.
పోతే ఒకటి, బతికితే సున్నా,
ఎవరు పెట్టారో ఈ పద్ధతి.
ఫైలులో ఆరో విడత మందు దాకా ఉంది. ఆ కింద
"రావడం మానేశాడు."
బాగైనవాళ్ళు కూడా
రావడం మానేస్తారు.

ఆదివారం తాష్‌హాన్‌కి వెళ్ళాను.
తడి మెట్లమీద రంపపుపొట్టు చల్లారు.
పై అంతస్తులో చివరి కొట్టు, తలుపు సగం దించి ఉంది.
లోపల సాన తిరుగుతోంది,
తలుపు కిందినుంచి నల్లటి పొడి సన్నగా బయటికి.
అతనో, కొడుకో, అద్దెకు దిగిన ఇంకెవరో.
తట్టబోయాను.
సాన ఆగింది. డబ్బాలో ఒక పూస పడిన చప్పుడు.
మళ్ళీ సాన.
కోటు జేబులో నా వేలు దానంతటదే
లేని మీటని నొక్కింది.
ఇంకో పూస. ఇంకోటి.

పదిహేడు దాకా లెక్కపెట్టి
అప్పుడు తట్టాను.